వెయ్యి అడుగుల బోరులోకి నడిచి దిగే గది: మునుగోడు చెల్కల్లో మా అనుభవం

మొన్న కనుమ తెల్లారి నుంచి జనవరి ఆఖరు దాకా నల్లగొండ జిల్లా పడమటి వైపు, చండూరు దగ్గర ఒక ఊళ్లో, మూతబడ్డ పత్తి గోదాములో మేం ఒక నడక గది పెట్టాం. వచ్చినవాళ్లు మోటబావి గట్టు దగ్గర మొదలుపెట్టి చీకట్లో వంద అడుగులు నడుస్తారు. అక్కడ ఒక అడుగు నడిస్తే బోరులో పది అడుగులు దిగినట్టు. నడక ముగిసేసరికి వెయ్యి అడుగుల లోతులో ఉంటారు, అక్కడ చుక్క నీరుండదు. దాని తర్వాత చెరువు గది, దాని తర్వాత దారాల గోడ, చివర నీళ్ల పరీక్ష బల్ల. భూగర్భ జలం, ఫ్లోరైడ్, తీరు మారిన వానలు: ఉపన్యాసాల్లో జనం వినీ వినీ విసిగిన ఈ సంగతులను ఒంటికి తెలిసేలా చేయాలన్నది మా కోరిక. మా ఊళ్లో కూడా పెడతామని అడిగేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి ఏ పని ఎప్పుడు జరిగింది, ఎంత అయింది, ఎక్కడ ఆగింది అన్నీ రాస్తున్నాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. చూసి "బాగుంది" అని వెళ్లిపోతే మా దృష్టిలో పని జరగనట్టే. బయటికొచ్చేలోపు మనిషి తన నీళ్ల గురించి తాను నోరు విప్పాలి. గుడ్డ రంగు నుంచి స్పీకరు ఎత్తు దాకా అన్నీ దీన్ని బట్టే తేల్చుకున్నాం.

పని జూన్‌లోనే మొదలుపెట్టాల్సి వచ్చింది, కప్పల కోసం. మోటబావి గదికి కప్పల అరుపులు కావాలి. అవి తొలకరికి, గట్టి వాన పడ్డ రాత్రుల్లోనే దొరుకుతాయి. నవంబరులో పోతే ఒక్కటి పలకదు. ఎవరైనా ఇలాంటి పని తలపెడితే ముందు శబ్దాల క్యాలెండరు రాసుకోవాలి: కప్పలు జూన్, జులై, వరి కోతల చప్పుడు నవంబరు, పక్షులు కావాలంటే చలికాలం పొద్దున్నే, పానగల్లు ఉదయసముద్రం లాంటి నీళ్ల దగ్గర. రికార్డరుకు బొచ్చు తొడుగు లేకపోతే చెరువు కట్ట మీద గాలి తప్ప ఏదీ వినిపించదు. బోరు బండి చప్పుడు తీసుకోవడం ఇంకా కష్టం. కంప్రెషరు పక్కన మైకు పెడితే శబ్దం చిట్లిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయలేం. వంద అడుగుల దూరంలో నిలబడి, రికార్డరులోని శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా తీస్తేనే పనికొచ్చింది.

బావులు తవ్విన వడ్డెర తాతల దగ్గర గడ్డపార, సమ్మెట దెబ్బలు తీసుకున్నాం. మెత్తటి మట్టికి ఒక మోత, మొరానికి ఒకటి, రాయి తగలగానే ఇంకొకటి. కళ్లు మూసుకుని వింటే లోతు తెలిసిపోతుంది. ఈ మూడు మోతలు మాకు దొరికినవాటిలో అన్నిటికన్నా విలువైనవి. మాటలూ చప్పుళ్లూ ఇచ్చినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకుని, ఒక్కొక్కరికీ వెయ్యి చొప్పున ఇచ్చాం. ఖర్చు పట్టీలో ఈ పద్దుకు చోటు పెట్టకుండా పని మొదలుపెట్టకండి.

సెప్టెంబరులో ఊరి పెద్దమనుషులతో, మహిళా సంఘాలతో కూర్చున్నాం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల వైపు ఫ్లోరైడ్ అనగానే కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. వంకర తిరిగిన కాళ్ల ఫొటోలు ఎక్కడెక్కడికో పోయాయి. ఒక అవ్వ కచ్చితంగా చెప్పింది: "మా కాళ్లు చూసి పోయినోళ్లు మస్తుమంది బిడ్డా. మా బాయి ఎట్లుండెనో సూపియ్యుండ్రి." ఆ మాటతో మనుషుల ఒంటి బొమ్మ ఒక్కటి కూడా పెట్టకూడదని తేలిపోయింది. గదిలో గొంతులుంటాయి, చేతులు చేసిన పని చప్పుడుంటుంది, ముఖాలు ఉండవు.

ఆ సమావేశాలే గది ఆకారాన్నీ మార్చాయి. వాన మబ్బులను పైకప్పు మీద చూపించాలని మొదటి పథకం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకల ఫ్లోరోసిస్ వచ్చినవాళ్లకు మెడ, వెన్ను బిగుసుకుపోతాయి, తల పైకెత్తలేరు. ఎవరి నీళ్ల కథ చెబుతున్నామో వాళ్లకే కనిపించని బొమ్మ ఎందుకు? అందుకే బొమ్మలన్నీ నేల మీదికీ, మోకాలి నుంచి ఛాతీ ఎత్తుకూ దించాం. నేలంతా చదును, మెట్లు లేవు, గుమ్మం దగ్గర ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు. నడక దారి ఎక్కడా నాలుగు అడుగుల వెడల్పుకు తగ్గదు. లోతుకు పోతున్న కొద్దీ ఇరుకు అనిపించాలంటే దారిని కుదించనక్కర్లేదు, పై గుడ్డను పది అడుగుల నుంచి ఏడు అడుగులకు దించుకుంటూ పోతే చాలు. ఒంటికి ఇరుకు తెలుస్తుంది, చక్రాల కుర్చీ మాత్రం ఆగదు.

అనుమతులకు అక్టోబరు, నవంబరు పోయాయి. పంచాయతీ తీర్మానం ఒక వారం. మైకు అనుమతికి పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు, అది రెండు మూడు రోజుల పని. అగ్నిమాపక శాఖవాళ్లు వచ్చి చూసి వెళ్లడానికి రెండు వారాలు, తాత్కాలిక కరెంటు మీటరుకు మూడు వారాలు. వీటిని ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకే వారంలో అన్ని చోట్లా ఇస్తే నెల రోజులు మిగులుతుంది. గోదాము కొలతలు, తలుపులు, కరెంటు లోడు చూపించే గీత ఒక్క కాగితం మీద ఉంటే అన్ని ఆఫీసులకూ అదే పనికొస్తుంది.

గోదాము అరవై అడుగుల పొడవు, ముప్పై వెడల్పు, పైన రేకులు. రెండు నెలలకు అద్దె ఇరవై వేలు. పత్తి గోదాములో ఉండే ప్రమాదం అందరూ గుర్తుపెట్టుకోవాలి: దూలాల మీద, గోడ పగుళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న దూది నుసి. అది క్షణంలో అంటుకుంటుంది, పైగా ప్రొజెక్టరు ఫిల్టరులోకి పోయి దాన్ని ఊపిరాడనివ్వదు. ముందు పొడిగా ఊడ్చి, తర్వాత నీళ్ల ప్రెషరుతో కడిగి, ఆరబెట్టడానికే వారం పట్టింది.

లోపలి గోడలన్నీ నల్ల కాడా గుడ్డే. ఇరవై ఐదు అడుగుల దారులు నాలుగు, పాములా మెలికలు తిరిగి వంద అడుగులవుతాయి. గోడలకు రెండు పొరలు, పైకప్పుకు ఒకటి, వెలుతురు లోపలికి రాకుండా గుమ్మాల దగ్గర మడతలు: మొత్తం నాలుగు వందల మీటర్ల దాకా పట్టింది. మీటరు అరవై రూపాయలు. మామూలు గుడ్డను చీకటి గదిలో కట్టడం నేరం లాంటిదే. అంటుకోకుండా చేయడానికి పది లీటర్ల వేడినీళ్లలో 600 గ్రాముల వెలిగారం, 500 గ్రాముల బోరిక్ ఆసిడ్ కరిగించి, గుడ్డ పూర్తిగా నానబెట్టి, పిండకుండా ఆరవేయాలి. పిండితే మందు పోతుంది, ఉతికితే మొత్తం పోతుంది. ఆరాక ఒక పీలిక కత్తిరించి పన్నెండు సెకన్లు మంటలో పట్టుకోవాలి. మంట తీయగానే ఆరిపోతే ఆ గుడ్డ కట్టొచ్చు. కొనసాగితే మళ్లీ ముంచాల్సిందే. అంచుల దగ్గర మందు సరిగా పట్టదు, కాబట్టి పీలిక అంచు నుంచే తీయాలి. శబ్దం ఆపడానికి వరిగడ్డి కట్టలు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. గోనె సంచులను అదే మందులో ముంచి, గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గుతుంది.

ప్రతి దారి మలుపులో బయటికి తెరుచుకునే గుడ్డ తలుపు ఒకటి, దాని పక్కన ఒక మనిషి. నేల మీద దారి చూపే చిన్న ఎల్‌ఈడీలు, లోతు అంకెలు అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. మొత్తం కలిపి పది వాట్లు కూడా ఉండవు, పాత కారు బ్యాటరీ ఒకటి చాలు. కరెంటు పోతే బొమ్మ ఆగుతుంది, శబ్దం ఆగుతుంది, దారి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటు వల్ల మాకు రాత్రుళ్లు నిద్ర పట్టింది.

మోటబావి గదిలో ఆరడుగుల గుండ్రటి గట్టు, లోపల తెల్లరంగు వేసిన పళ్లెం, అందులో రెండు అంగుళాల నీళ్లు. పైనుంచి ప్రొజెక్టరు నిట్టనిలువుగా కిందికి చూస్తుంది. తేట నీళ్ల మీద బొమ్మ నిలవదు, వెలుతురు లోపలికి దిగిపోతుంది. నిజానికి బొమ్మ పడేది అడుగున ఉన్న తెల్లరంగు మీద, నీళ్లు దాన్ని కదిలిస్తాయి, అంతే. సెలైన్ గొట్టంతో ఐదారు సెకన్లకొక చుక్క పడేలా పెట్టాం. చుక్క పడగానే ఆకాశమూ తాటిచెట్టు నీడా వణికి మళ్లీ కుదురుకుంటాయి. పెద్దవాళ్లు గట్టు మీద చెయ్యి పెట్టి వంగి చూశారు, పిల్లలు చెయ్యి ముంచారు. ముంచనివ్వాలి. నీళ్లు రెండు రోజులకోసారి మార్చకపోతే దోమలకు మనమే తొట్టి కట్టినవాళ్లమవుతాం.

ప్రొజెక్టరు తెచ్చేముందు అడగాల్సినవి రెండు. నిట్టనిలువుగా బిగించినా నడుస్తుందా? పాత దీపం రకాలు చాలావరకు ఒప్పుకోవు, లేజరు రకాలు ఎక్కువగా ఒప్పుకుంటాయి. త్రో నిష్పత్తి, అంటే యంత్రం దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది, ఎంత? 1.2 ఉంటే పదకొండు అడుగుల ఎత్తు నుంచి తొమ్మిది అడుగుల వెడల్పు బొమ్మ వస్తుంది, నిలువు ఐదున్నర దాటదు. బావి గుండ్రం అందులోనే ఇమడాలి. పూర్తి చీకటిలో 3,500 ల్యూమెన్లు చాలు. వెలుతురు సందులు మూయకుండా 6,000 ల్యూమెన్ల యంత్రానికి డబ్బు పోయడం వృథా. మూడు ప్రొజెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున హైదరాబాదు నుంచి అద్దెకు తెచ్చాం. వారం లోపు రోజులకే అడిగితే రోజుకు రెండు వేలు చెబుతారు, రెండు వారాలు దాటితే బేరం కుదురుతుంది.

బావి దాటాక గది వాసన మారుతుంది. తొలకరి మట్టి వాసన కోసం అత్తరు కొననక్కర్లేదు. రెండడుగులు మూడడుగుల ట్రేలో అంగుళం మందాన ఎర్ర చెల్క మట్టి, పైన సన్న చిల్లులు పెట్టిన మట్టి కుండ. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు అతివేగ కెమెరాతో దీన్ని చూపించారు: చుక్క పొడి మట్టి మీద పడ్డప్పుడు కింద గాలి బుడగలు చిక్కుకుని, పైకి వచ్చి పగిలి, మట్టిలోని వాసనను సన్నటి తుంపరగా గాలిలోకి ఎగరేస్తాయి. అందుకే మంచులా కొట్టే స్ప్రేయరుతో వాసన రాలేదు, చుక్క పడాలి. ఒకసారి తడిసిన మట్టి మళ్లీ ఆరేదాకా పలకదు. పావు లీటరు పోస్తే రెండు బృందాలకు వాసన, మూడో బృందానికి ఉత్త బురద. ట్రేలు ఆరేడు చేసుకుని పగలంతా ఎండబెట్టి, సాయంత్రం వంతులవారీగా మార్చాం. ఈ చోట ఎంతమంది ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారో! ఒకాయన కళ్లు తుడుచుకోవడం చూసి మా వాళ్లకూ గొంతు పట్టేసింది.

తర్వాత దారి దిగుతుంది, అంటే అంకెలు దిగుతాయి. ముప్పై, అరవై దగ్గర సమ్మెట మోతలు. రెండు వందల దగ్గర మోటారు గుర్రు. నాలుగు వందల దగ్గర బోరు బండి. దాని చప్పుడే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. లావు శబ్దం గుడ్డ గోడలను దాటి అన్ని గదుల్లోకీ పోతుంది, రేకులు గిలగిల కొట్టుకుంటాయి. స్పీకరులో 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, ఆ అదురును నేలలోకి పంపాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కింద బాస్ షేకరు (లావు శబ్దాన్ని అదురుగా మార్చే పరికరం) ఒకటి బిగించి, పలకను రబ్బరు ముక్కల మీద పెడితే పాదాల నుంచి దవడ దాకా అదురుతుంది, పక్క గదికి మాత్రం ఏమీ వినిపించదు. షేకరు, చిన్న ఆంప్లిఫయరు కలిపి ఏడు వేలు. స్పీకర్ల మీద పెట్టిన ఖర్చు కన్నా ఇది ఎన్నో రెట్లు పనిచేసింది.

ఏడు వందలు దాటాక ఏమీ పెట్టలేదు. ఒక చిన్న దీపం, గ్రానైట్ పొడి పోసిన నేల, నిశ్శబ్దం. ఈ ప్రాంతంలో నీళ్లు పైనున్న పెళుసు పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ ఉంటాయి. లోతుకు పోతున్న కొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఎనిమిది వందల్లో దొరకనిది వెయ్యిలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ మాటను బోర్డు మీద రాసి పెడదామని అనుకుని మానేశాం. జనం మాట్లాడటం సరిగ్గా అక్కడే మొదలైంది. "మాది ఎనిమిది వందలు పోయింది, దుమ్మే ఎల్లింది" అని ఒకరంటే వెనకున్నవాళ్లు అందుకున్నారు. బత్తాయి తోట ఎండిపోయిన ఏడాది, తాకట్టు పెట్టిన పుస్తెలు, కొబ్బరికాయ పట్టి పాయింటు చూపిన మనిషికి ఇచ్చిన డబ్బు, అన్నీ ఆ చీకట్లో బయటికొచ్చాయి. ముఖాలు కనిపించకపోవడం వల్ల మాట తేలికైందని మా నమ్మకం. నిశ్శబ్దాన్ని సంగీతంతో నింపాలన్న ఆశను ఎవరైనా అణచుకోవాలి. ఆ ముప్పై అడుగులే గది ప్రాణం.

వెయ్యి దగ్గర వేడి పుట్టించాలని, హాలోజెన్ దీపాలు పెట్టాలని ఒక సూచన వచ్చింది. మూసిన గదిలో ముసలివాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఎర్రటి వెలుతురు తక్కువలో పెడితే జనవరి చలిలో కూడా ఉక్కగా అనిపించింది.

చెరువు గదిలో ఇరవై అడుగుల గోడ మీద రెండు ప్రొజెక్టర్ల బొమ్మలు పక్కపక్కన, మధ్యలో 15 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా కలిపాం. చూపించింది ఉపగ్రహ చిత్రాలు: 1980ల నుంచి ఇప్పటిదాకా చుట్టుపక్కల చెరువులు, ఏటేటా. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, 2015 తర్వాతవి సెంటినెల్-2 ఉపగ్రహాల నుంచి ఇంకా స్పష్టంగా దొరుకుతాయి. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క ముప్పై మీటర్ల చదరం. రెండెకరాల కుంట తొమ్మిది చుక్కలే అవుతుంది, గోడ మీద మరకలా ఉంటుంది. పెద్ద చెరువులనే తీసుకోవాలి, ఏటా ఒకే నెలవి పోల్చాలి. శాస్త్రజ్ఞులు వాడే రంగుల్లో నీళ్లు నల్లగా కనబడతాయి. ఊళ్లో ముందుగా చూపించినప్పుడు అది కాలిన చేననుకున్నారు. మామూలు రంగుల్లోకి మార్చాక కట్ట, తూము, మత్తడి వేలు పెట్టి చూపించారు. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ఇళ్లు లేచిన చోటు రాగానే గదిలో గొడవ మొదలయ్యేది. మా వాళ్లు జోక్యం చేసుకోలేదు.

దీనికి ముందున్న చిన్న సందులో ప్రొజెక్టరు లేకుండా నీడతోనే పనిచేశాం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఈ జిల్లాలోనే ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ. ఒక్క స్తంభానిదని అనిపిస్తుంది, అసలు కిటుకు స్తంభాలను పేర్చిన తీరులో, పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుతురులో ఉంది. వందల ఏళ్ల కిందటే వెలుతురుతో మనిషిని నిలబెట్టడం తెలిసిన చోట యంత్రాల మీద అంతగా ఆధారపడనక్కర్లేదు. ఒక తెల్ల గుడ్డ, రెండు చిన్న దీపాలు, ఎండిన బత్తాయి కొమ్మ. నడిచేవాళ్ల నీడ కొమ్మ నీడతో కలిసిపోతుంది. ఖర్చు మూడు వందలు.

కరెంటు సంగతి. మొత్తం లోడు రెండు కిలోవాట్ల లోపు. సాయంత్రం ఆరు, ఏడు మధ్య వోల్టేజి 190కి పడేది. ప్రొజెక్టర్లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, ఇబ్బంది పడేవి ఫ్యాన్లు, పాత ఆంప్లిఫయర్లు. వాటికే స్టెబిలైజరు చాలు. బొమ్మలు నడిపే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డులు కరెంటు ఠక్కున పోతే మెమరీ కార్డు చెడిపోయి మళ్లీ లేవవు. కార్డును చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టుకుని, బోర్డులను యూపీఎస్ మీద ఉంచి, ప్రతిదానికీ నకలు కార్డు జేబులో పెట్టుకోవాలి. ప్రొజెక్టరు సెట్టింగుల్లో కరెంటు రాగానే తనంతట తాను వెలిగే ఎంపిక ఉంటుంది, అది ఆన్‌లో లేకపోతే నిచ్చెన వేసుకుని పైకెక్కాలి. ఐదు కేవీఏ జనరేటరు గోదాముకు ఎనభై అడుగుల దూరంలో, గాలి వాలుకు. దగ్గరుంటే ఏడు వందల అడుగుల నిశ్శబ్దం పోతుంది.

ఒక బృందానికి పన్నెండు మంది, పద్నాలుగు నిమిషాలు. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నూటయాభై మందిని దాటి పంపడం కష్టం. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లతో మొదటి రెండు రోజులు గంటన్నర వరుస. టోకెన్ల మీద సమయం రాసి ఇచ్చాక జనం ఇంటికి పోయి తిని వచ్చారు. బడి పిల్లలు తొంభై మంది ఒకేసారి దిగితే సగం మందిని నీళ్ల బల్ల దగ్గర మొదలుపెట్టించాలి. చీకటికి భయపడే పిల్లలకు ఎర్ర కాగితం చుట్టిన టార్చి చేతికిస్తే వాళ్లే ముందు నడుస్తారు.

దారాల గోడ అన్నిటికన్నా చౌక. నాలుగడుగుల పలకలు, పైన వాడల పేర్లు, రెండు అంగుళాలకొక మేకు. పది అడుగుల బోరుకు ఒక సెంటీమీటరు నూలు. తొమ్మిది వందల అడుగులంటే తొంభై సెంటీమీటర్లు. నీళ్లున్నవాటికి నీలం, ఎండినవాటికి ఎరుపు. ఎవరి బోరు దారం వాళ్లే కొలిచి, కోసి, కట్టాలి. రెండో రోజుకే నీలం ఉండ అలాగే ఉంది, ఎర్ర నూలు అయిపోయి మళ్లీ తేవాల్సి వచ్చింది. ఒకే కుటుంబం ఒకే మేకుకు ఏడెనిమిది ఎర్ర దారాలు కట్టిన చోటు ఉంది. ఆడవాళ్లు మగవాళ్ల లెక్కలు దిద్దారు: "ఎనిమిది యాభై కాదు, తొమ్మిది ఇరవై. బండికి పైసలు కట్టింది నేను." వాలంటీర్లకు మేం ఇచ్చిన కట్టుబాటు ఒక్కటే: అడిగితే తప్ప ఏమీ చెప్పొద్దు, కత్తెర అందించండి. పాత బోర్ల ఎర్ర దారాలు పొట్టివి, కొత్త బోర్లవి పొడుగువి. పక్కపక్కన చూస్తే నీటిమట్టం ఎట్లా దిగిందో ఏ గ్రాఫూ చెప్పనంత సూటిగా తెలుస్తుంది.

నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో 2017లో మైకేల్ పిన్స్కీ అనే కళాకారుడు ఐదు గుమ్మటాల్లో ఐదు చోట్ల గాలిని పుట్టించాడు, అందులో ఢిల్లీ గాలి ఒకటి. వచ్చినవాళ్లను మనస్తత్వ పరిశోధకులు అడిగితే ఏదైనా చేయాలన్న ఉద్దేశం చూశాక కొంత పెరిగింది. కానీ ఆ ఉద్దేశానికీ, చేతికందిన అసలు అవకాశాన్ని వాడుకోవడానికీ పొంతన కుదరలేదు. ఇది తెలిసే మేం చివరి బల్లను కట్టాం. గది కదిలించిన వేడి చల్లారకముందే చేతికి పని దొరకాలి.

బల్ల మీద ఫ్లోరైడ్ పరీక్ష. ఇప్పుడు ఊళ్లో తాగేది నల్లా నీళ్లు, చేనుకూ పశువులకూ బోరే. టోకెన్ ఇచ్చేటప్పుడే "మీ బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చుకోండి" అని చెప్పాం. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. కిట్‌లోని జిర్కోనియం ద్రావణం కలిపితే గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది, ఫ్లోరైడ్ ఎక్కువైతే పసుపు ఎక్కువ. రెండు సీసాల తేట నీళ్లు కళ్ల ముందే వేరు వేరు రంగులకు తిరగడం చూసి పిల్లలు బల్ల వదల్లేదు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. కిట్ అంచనా మాత్రమే ఇస్తుంది, దీపం రంగు కూడా దాన్ని మార్చేస్తుంది. అందుకని బల్ల మీద తెల్లటి ట్యూబులైటే ఉండాలి, గదిలోని ఎర్ర వెలుతురు అటు పడకూడదు. 1.5 దాటినట్టు కనిపించినవన్నీ ప్లాస్టిక్ సీసాల్లో ప్రయోగశాలకు పంపాం. ఫలితాలకు రెండు వారాలు పట్టింది. ఆ కాగితాలు ఇంటింటికీ ఇచ్చి రావడం కూడా పనిలో భాగమే, దాన్ని ఎగ్గొడితే మరోసారి ఆ ఊరికి ముఖం చూపించలేం.

అదే బల్ల మీద ఒక పుస్తకం, బోరు చుట్టూ నీళ్లు ఇంకించే గుంతకు పేర్లు రాసుకోవడానికి. బోరు చుట్టూ పదడుగుల పొడవు వెడల్పు లోతు తవ్వి, కేసింగు పైపుకు సన్న చిల్లులు పెట్టి జాలీ చుట్టి, కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. మందులు కొట్టిన చేను నీళ్లు, పశువుల కొట్టం నీళ్లు అటు రానివ్వకూడదు. ఒక నమూనా తొట్టి గాజు గోడతో పక్కనే పెట్టాం, బురద నీళ్లు పోస్తే కింద తేటగా వచ్చేది చూశారు. వానలు తక్కువ రోజుల్లో ఎక్కువగా కుమ్మరిస్తున్నప్పుడు నీరు పారిపోయేదే ఎక్కువ, నిలిపి ఇంకించకపోతే మత్తడి దుంకిన ఏడాది కూడా బోర్లు ఎండుతాయి. నలభై మందికి పైగా పేర్లిచ్చారు. ఏప్రిల్‌లోపు ఎన్ని తవ్వుతారో చూడాలి. ఇందుకు ఒక మనిషి నెలకు రెండుసార్లు ఆ ఊళ్లకు తిరుగుతున్నారు.

ఖర్చు మొత్తం రెండు లక్షల అరవై వేలు దాటింది. అందులో యంత్రాల అద్దె మూడో వంతు లోపే. గుడ్డ, పైపులు, కరెంటు పని, మనుషుల కూలీ, భోజనాలే ఎక్కువ. మళ్లీ పెడితే మూడో ప్రొజెక్టరు తీసేసి ఆ డబ్బు ప్రయోగశాల పరీక్షలకు, దారాల గోడ దగ్గర ఇంకో ఇద్దరు మనుషులకు పెడతాం.

విప్పడానికి మూడు రోజులు. మట్టి తెచ్చిన చెల్కలోనే పోశాం. నల్ల గుడ్డలో మందు ఉంది కాబట్టి ఎవరికీ ఒంటి గుడ్డలకు ఇవ్వలేదు, మడిచి దాచాం. దారాల పలకలు పంచాయతీ ఆఫీసు వరండాలో బిగించారు, ఒక ఎర్ర ఉండ, కొలబద్ద అక్కడే ఉంచాం.

అడిగేవాళ్లలో ఎక్కువమంది నారాయణపేట, మక్తల్ వైపువాళ్లు. అక్కడ కథ బోరు లోతు ఒక్కటే కాదు, పనులకు ఊరు విడిచిపోవడం. దారం కొలత బోరు అడుగుల్లో కాకుండా వలస పోయిన ఊరి దూరంలో ఉండాలి: పది కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు అయితే ముంబయి దారం అర మీటరు దాటుతుంది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో పెడితే పగటి వెలుతురు సందులు మూయడానికే ఇంకో నూటయాభై మీటర్ల గుడ్డ లెక్కవేసుకోవాలి. శబ్దాలు రికార్డు చేయాల్సింది దసరాకి ముందే. ఆ తర్వాత ఊళ్లలో ముసలివాళ్లూ పిల్లలూ తప్ప మిగలరు.